కేటగిరీ తగ్గింది, హ్యూస్టన్ మునిగింది

[తెర మీద: ఉపగ్రహ చిత్రం. టెక్సస్ తీరం, తుఫాను కన్ను స్పష్టంగా. తేదీ: 2017 ఆగస్టు 25]

వ్యాఖ్యానం: ఆ రాత్రి హార్వీ హరికేన్ టెక్సస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 210 కిలోమీటర్లు, అంటే అయిదు స్థాయిల్లో నాలుగోదైన కేటగిరీ 4. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. మర్నాటికి గాలి తగ్గింది, హరికేన్ హోదా పోయింది, ఉష్ణమండల తుఫానుగా మారింది. హ్యూస్టన్ మునగడం మొదలైంది ఆ తర్వాతే.

కేటగిరీ అంకె గాలి వేగాన్ని బట్టే ఇస్తారు. వాన ఎంత పడుతుందో అది చెప్పదు. వాన సంగతి తెలియాలంటే చూడాల్సింది ఇంకో అంకె: తుఫాను ఎంత వేగంతో కదులుతోంది?

[యానిమేషన్: సముద్రం మీద ఆవిరి పైకి లేవడం, మేఘం కట్టడం]

ముందు, అన్ని నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో చూద్దాం. సముద్రం పైపొర సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే ఆవిరి జోరుగా లేస్తుంది. ఆ తేమగాలి పైకెళ్లి చల్లబడి నీటిచుక్కలవుతుంది. అప్పుడు, ఆవిరి కావడానికి పీల్చుకున్న వేడినంతా వదిలేస్తుంది. ఒక్క కిలో నీటికి దాదాపు 25 లక్షల జౌళ్లు! ఆ వేడికి చుట్టూ ఉన్న గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం పడిపోతుంది, నాలుగు వైపుల నుంచీ మరింత తేమగాలి లోపలికి దూసుకొస్తుంది. హరికేన్‌కు ఇంధనం ఈ తేమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. సముద్రాలు వేడెక్కుతున్న కొద్దీ వానలు ముదరడానికి ఇదొక కారణం.

[తెర మీద పెద్ద అక్షరాలు: 100 ÷ వేగం]

వాతావరణ నిపుణుల దగ్గర ఒక పాత ఉజ్జాయింపు లెక్క ఉంది. తుఫాను కదిలే వేగాన్ని నాట్లలో (సముద్రయానంలో వాడే వేగం కొలత) తీసుకుని 100ని దానితో భాగిస్తే, ఒకచోట పడగల గరిష్ఠ వాన అంగుళాల్లో వస్తుంది. 10 నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లే తుఫానుకు 10 అంగుళాలు. వేగం సగమైతే 20 అంగుళాలు, అర మీటరు వాన.

మరి హార్వీ? రెండు అధిక పీడన ప్రాంతాల మధ్య ఇరుక్కుని దాదాపు కదలకుండా ఉండిపోయింది. పైగా తీరానికి దగ్గరలోనే తిరిగింది కాబట్టి పక్కనే ఉన్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమ అందుతూనే ఉంది. వానపట్టీలు ఒకదాని వెనక ఒకటి అదే ఊరి మీదికి వచ్చాయి. నెడర్లాండ్ అనే ఊళ్లో మొత్తం 60.58 అంగుళాలు, అంటే 1,539 మిల్లీమీటర్లు నమోదైంది. హ్యూస్టన్‌లో ఏడాదంతా కలిపి పడేదే సుమారు 1,250.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 200 చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద 1,000 మిల్లీమీటర్లు పడితే? రెండు లక్షల లీటర్లు. మన వీధుల్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40. అదీ ఒక్క ఇంటి మీద.

[మ్యాప్: హ్యూస్టన్ పడమటి వైపు, ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు]

ఆ నీళ్లు పోవడానికి దారేది? ఊరు బల్లపరుపు, నేల బంకమట్టి, మిగతా చాలా మేర కాంక్రీటు. వరదనీటిని ఆపి ఉంచడానికి 1940ల్లో కట్టిన ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు మామూలు రోజుల్లో ఎండిపోయి ఉంటాయి. అందుకే వాటి ముంపు పరిధి లోపల కూడా కాలనీలు వెలిశాయి. నీళ్లు నిండేసరికి ఎగువన ఆ ఇళ్లు మునిగాయి. ఆగస్టు 28 తెల్లవారుజాము నుంచి గేట్లు ఎత్తితే దిగువన బఫెలో బాయూ అనే వాగు ఒడ్డున ఇళ్లు మునిగాయి. గేట్లు వేసినా ముంపే, ఎత్తినా ముంపే.

1977లో దివిసీమను తుడిచిపెట్టింది ఉప్పెన, అంటే గాలి తోసుకొచ్చిన సముద్రం. హార్వీ కథ వేరు. టెక్సస్‌లో తుఫాను వల్ల నేరుగా చనిపోయిన 68 మందిలో ముగ్గురు తప్ప అందరినీ బలిగొన్నది వాననీటి వరదే. ఆస్తి నష్టం సుమారు 12,500 కోట్ల డాలర్లు.

[తెర మీద: నీళ్లలో కారు]

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పారే నీరు 6 అంగుళాల లోతున్నా మనిషిని పడేయగలదు, అడుగు లోతుంటే చిన్న కారును కొట్టుకుపోగలదు. రోడ్డు మీద నీళ్లుంటే కారు వెనక్కి తిప్పేయడమే.

ఇల్లు మునిగితే నీళ్లు తీసేసినా పని అయిపోదు. అక్కడి గోడలు ఎక్కువగా చెక్క చట్రానికి బిగించిన జిప్సమ్ బోర్డులు. నీటిగీత కంటే పైకి కూడా అవి చెమ్మ పీలుస్తాయి, 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. నీటిగీతకు పైదాకా బోర్డు కోసి, వెనకున్న తడి ఇన్సులేషన్ తీసేసి, చెక్క పూర్తిగా ఆరాకే కొత్త బోర్డు వేయాలి. కరెంటు లేదని జనరేటర్ పెడితే ఇంటికి 20 అడుగుల దూరంలో, ఆరుబయటే పెట్టండి. గ్యారేజీ తలుపు తీసి పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

చివరిగా ఇన్సూరెన్స్. మామూలు ఇంటి పాలసీ వరదకు వర్తించదు, విడిగా ఫ్లడ్ పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వ పథకంలో అది అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. తుఫానుకు పేరు పెట్టారని విన్నాక కొంటే ఆ తుఫానుకు అది అక్కరకు రాదు. హరికేన్ల సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరుకల్లా పాలసీ కట్టేయండి.