బిళ్ళగన్నేరుకీ కణవిభజనకీ ఏంటి సంబంధం?

తమ్ముడు: అక్కా, ఇవాళ కణవిభజన, అదే మైటోసిస్ గురించి చెప్తానన్నావు, చేతిలో చూస్తే బిళ్ళగన్నేరు కొమ్మ ఉంది!

అక్క: రెండిటికీ సంబంధం ఉందిరా, చెప్తా విను. మన ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందుగానే లోపలున్న 46 క్రోమోజోముల్లో, అంటే జన్యువులుండే పోచల్లో, ప్రతిదానికీ ఇంకో నకలు తయారవుతుంది, ఆ జంట విడిపోకుండా అతుక్కునే ఉంటుంది. ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని ఇంటర్లో బట్టీ పట్టాం కదా, వాటిలో నాకు బాగా ఇష్టమైనది మధ్యస్థదశ.

తమ్ముడు: అన్నీ మధ్యలో వరసగా నిలబడతాయి, అదేనా?

అక్క: అదే. కణం రెండు కొసల నుంచీ సన్నటి పోగులు వస్తాయి, మన పుస్తకాల్లో కండె తంతువులు అని ఉంటుంది చూడు, నేతవాళ్ళ దగ్గర నూలు చుట్టిన కండె ఉంటుందే, మధ్యలో లావు, కొసల్లో సన్నం, అచ్చం అలాగే ఉంటుంది. ప్రతి జంటనీ ఇటు నుంచి కొన్ని, అటు నుంచి కొన్ని పోగులు పట్టుకోవాలి. ఒక్క జంటకి పట్టు దొరక్కపోయినా మిగతా 45 జంటలూ ఆగుతాయి. ఆగకపోతే ఒక పిల్లకణానికి 47, ఇంకోదానికి 45 వెళ్ళిపోయే ప్రమాదం ఉంది మరి.

తమ్ముడు: ఇందులో బిళ్ళగన్నేరు ఎక్కడొచ్చింది?

అక్క: దీని సొంతూరు మడగాస్కర్. దీన్నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందుకి అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ ఇస్తున్నారు. ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటేనే ఆ పోగు పెరుగుతుంది. ఈ మందు ఆ ముక్కల్ని పట్టేసుకుంటుంది, ఇంక పోగు రాదు, పోగు కోసం ఆగిన క్యాన్సర్ కణం ముందుకెళ్ళలేక చివరికి చచ్చిపోతుంది.

తమ్ముడు: జుట్టు ఊడేది కూడా ఇందుకేనా?

అక్క: ఇందుకే. జుట్టు కుదుళ్ళలో కణాలు కూడా గబగబా రెండవుతూ ఉంటాయి, మందుకి ఆ తేడా తెలీదు. చికిత్స అయ్యాక జుట్టు మళ్ళీ వస్తుంది, ఆ మాట పిల్లలకి ముందే చెప్పాలి, అద్దంలో చూసుకుని బెంగపడతారు పాపం. వేళ్ళలో తిమ్మిర్లూ వస్తాయి, ఎందుకంటే నరాల్లోనూ ఇవే పోగులున్నాయి.

తమ్ముడు: మా వీధిలో షుగర్‌కి ఈ ఆకులే నములుతున్నారక్కా.

అక్క: వద్దని చెప్పు, దయచేసి. ఈ మొక్క విషం. ఆస్పత్రిలో అయితే శుద్ధి చేసిన మందుని, ఒంటి కొలతని బట్టి లెక్కకట్టి, రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఆకులో ఏది ఎంతుందో నమిలేవాళ్ళకి తెలిసే దారే లేదు.