మోకాలి నొప్పితో తొలి హాఫ్ మారథాన్: ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే కష్టం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఉత్సాహంగా పేరు నమోదు చేసుకొని, తీరా సాధన ఊపందుకున్నాక మోకాలో మడమో మొరాయించడంతో ఏం చేయాలో తోచక సతమతమయ్యేవారు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఈనాటి అతిథి ఒక బ్యాంకు ఉద్యోగిని. నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన ఆమె, మోకాలి నొప్పి పూర్తిగా తగ్గకముందే తన తొలి హాఫ్ మారథాన్‌ను పూర్తి చేశారు. నొప్పి ఎలా మొదలైందో చెబుతారా అండీ?

అతిథి: నమస్కారమండీ. కింద పడటం, కాలు మడతపడటం లాంటివేమీ జరగలేదు. మొదటి నాలుగైదు కిలోమీటర్లు హాయిగా సాగిపోయేవి. ఆ తరువాత ప్రతిసారీ దాదాపు అదే దూరంలో, కుడి మోకాలి బయటి పక్కన సూదితో పొడిచినట్టు నొప్పి పుట్టేది, ఆగి నడిస్తే కాసేపట్లో తగ్గిపోయేది. ఇంట్లో మెట్లు ఎక్కడానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు కానీ, దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకొని, మోకాలు వంగకుండా కాలిని పక్కకు తిప్పి ఒక్కో మెట్టు దిగాల్సి వచ్చేది.

వ్యాఖ్యాత: మోకాలి నొప్పి అనగానే కీళ్లు అరిగిపోయాయని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు కదా?

అతిథి: మా అత్తగారు అక్షరాలా ఆ మాటే అన్నారు. ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పినది వేరు. తుంటి నుంచి తొడ బయటి పక్కగా దిగి, మోకాలి కింది ఎముకకు అతుక్కొనే ఒక దళసరి పట్టీ ఉంటుంది, దాన్ని ఇలియోటిబియల్ బ్యాండ్ అంటారు. మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగిన స్థితిలో ఆ పట్టీ ఎముకను ఒత్తుతుంది, అదే పనిగా ఒత్తితే అక్కడ మంట పుడుతుంది. నెమ్మదిగా పరుగెత్తేటప్పుడూ వాలులో దిగేటప్పుడూ పాదం నేలను తాకే క్షణంలో మోకాలు సరిగ్గా ఆ కోణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఈ రకం నొప్పి ఉన్నవారికి వేగంగా పరుగెత్తిన రోజు కన్నా నిదానంగా ఎక్కువ దూరం వెళ్లిన రోజే ఎక్కువ బాధ కలుగుతుంది. నొప్పిగా ఉంది కాబట్టి మెల్లగా పరుగెత్తమని అందరూ ఇచ్చే సలహా నాకెందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది.

వ్యాఖ్యాత: అయితే లోపం మోకాలిలో లేదన్నమాట.

అతిథి: చాలావరకు తుంటిలో ఉంది. పక్కకు తిరిగి పడుకొని పై కాలిని ఎత్తి ఉంచమని, ఆవిడ చేత్తో కిందికి నొక్కారు. ఎడమకాలు నిలబడింది, కుడికాలు ఇట్టే దిగిపోయింది. తుంటి కండరాలు బలహీనంగా ఉంటే అడుగు పడిన ప్రతిసారీ తొడ లోపలికి వాలి, ఆ పట్టీ బిగుసుకుంటుందట. ఇంకో సంగతి కూడా ఉంది. ఎదురుగా వచ్చే బండ్లు కనబడాలని మనం రోడ్డుకు కుడి అంచున పరుగెత్తుతాం. వాననీరు పోవడానికి రోడ్డును అంచులవైపు వాలుగా వేస్తారు కనుక, కుడికాలు ఎప్పుడూ కాస్త పల్లంలో పడుతుంది. వారాల తరబడి అలా పరుగెత్తితే ఏ కాలికి నొప్పి వస్తుందో ఊహించుకోండి.

వ్యాఖ్యాత: మరి వాయిదా వేసుకోకుండా పరుగెత్తాలని ఎలా నిర్ణయించుకున్నారు? మన పరుగు బృందాల్లో పంటి బిగువున నొప్పిని ఓర్చుకోవడమే గొప్ప అనే ధోరణి ఉంది, నాకది నచ్చదు.

అతిథి: నాకూ నచ్చదు. అన్నిటికన్నా ముందు అది ఎముక నొప్పి కాదని రూఢి చేసుకున్నాం. వేలితో నొక్కితే ఒక్కచోటే కలుక్కుమనడం, విశ్రాంతిలోనూ రాత్రిపూటా సలపడం, ఒంటికాలిపై గెంతలేకపోవడం వంటివి ఉంటే ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి. అది తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారై తీయవలసి రావచ్చు. అలాంటప్పుడు పరుగు మాటే తలపెట్టకూడదు. నాకు అవేవీ లేవు. నొప్పికి పదిలో మూడు మార్కులు దాటకుండా, నడక తీరు మారకుండా, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి వస్తే సాధన కొనసాగించవచ్చని, ఈ మూడింటిలో ఏది తప్పినా ఆపేయాలని ఆవిడ గీత గీశారు. వారానికి రెండు పరుగులు తగ్గించి సైకిలు తొక్కాను. పక్కకు కాలు ఎత్తడం, మెట్టు అంచున నిలబడి ఒంటికాలిపై నెమ్మదిగా కిందికి వంగడం వంటి వ్యాయామాలు విసుగు పుట్టించేవే అయినా, నాకు మేలు చేసినవి అవే.

వ్యాఖ్యాత: పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే ఆ దారిలో ఫ్లైఓవర్లంటే అందరికీ భయమే. 21.0975 కిలోమీటర్లు ఎలా నెట్టుకొచ్చారు?

అతిథి: అందరూ ఫ్లైఓవర్ ఎక్కడానికి భయపడతారు, నాకు దిగడమంటే భయం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు గానీ మోకాలికి ఏమీ కాదు. అందుకని ఎక్కుడులో నిదానంగా పరుగెత్తి, దిగుడులో నడిచాను. పక్కనున్నవాళ్లు దిగుడు చూసి ఎగబడి దూసుకుపోతుంటే నేను నడుస్తుండటం చూసి, ఒక వలంటీరు కుర్రాడు పాపం అంబులెన్స్ పిలవమంటారా అని అడిగాడు. చదునుగా ఉన్నచోట నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలొవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే మొదటి కిలోమీటరు నుంచి నడవడం వేరు. రెండోదే మోకాలిని కాపాడుతుంది. అడుగు చిన్నది చేసి, అడుగుల సంఖ్య పెంచడం కూడా కలిసొచ్చింది.

వ్యాఖ్యాత: నొప్పి మాత్ర వేసుకున్నారా? చాలామంది జేబులో పెట్టుకొస్తారు.

అతిథి: వేసుకోలేదు. ఆగస్టు ఉక్కపోతలో ఒంట్లోని నీరంతా చెమటగా పోతున్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలపై భారం మోపుతాయి. పైగా ఆగిపొమ్మని మోకాలు చెబుతున్నా మనకు వినబడకుండా చేస్తాయి. పదిహేనో కిలోమీటరు దాటాక నొప్పి వచ్చింది, మూడు మార్కుల దగ్గరే ఉండటంతో నడక భాగాన్ని పెంచాను. నాలుగు దాటితే ఎక్కడ ఆటో దొరుకుతుందో మావారితో ముందే మాట్లాడి పెట్టుకున్నాను.

వ్యాఖ్యాత: ఇక ఫుల్ మారథాన్ ఎప్పుడు?

అతిథి: దాని గురించి ఇప్పుడే మాట ఇవ్వను. జనవరిలో ముంబైలో మరో హాఫ్ పరుగెత్తాలని ఉంది. అక్కడ పెద్దర్ రోడ్డు ఎక్కుడు గురించి అందరూ కథలు కథలుగా చెబుతున్నారు, దిగుడు ఎంత పొడవో మాత్రం ఒక్కరూ చెప్పడం లేదు.