10 గిగాబిట్లా, 1050 మెగాబైట్లా? ఒక పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, దాని జానెడు కేబుల్

నమస్కారం. ఇప్పుడు నా బల్ల మీద ఉన్న ఫైళ్లు దాచుకుని వెంట తీసుకెళ్లే చిన్న డ్రైవ్ అయిన ఈ 1 టెరాబైట్ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీని తయారు చేసిన కంపెనీవారే ఉచితంగా పంపించారు. నేను వారి వద్ద డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను వారికి ముందుగా చూపించనూ లేదు. దీని బరువు, రంగులు, వారంటీ వంటి వివరాలు మీరు ఈపాటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను. నన్ను నాలుగు రోజులుగా వేధిస్తున్నవి పెట్టె మీద ఒకదాని కింద ఒకటి అచ్చు వేసిన రెండు అంకెలు. పైన పెద్ద అక్షరాలతో సెకనుకు 10 గిగాబిట్లు అని, దాని కింద చిన్న అక్షరాలతో సెకనుకు 1050 మెగాబైట్లు అని ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో మాత్రం పెట్టెలో ఎక్కడా లేదు.

బిట్ అంటే కంప్యూటర్ సమాచారానికి అతి చిన్న కొలత, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఇంగ్లీషులో బిట్‌కు చిన్న బి, బైట్‌కు పెద్ద బి వేసి ఎలాగో తేడా చూపుతారు. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేదు. ఇక నోటి మాటలోనైతే రెండూ ‘ఎంబీ’లే, రెండూ ‘జీబీ’లే. నిరుడు మా బావగారు ఇంటికి ‘వంద ఎంబీ నెట్’ పెట్టించుకుని, ఏది డౌన్‌లోడ్ చేసినా 12 దగ్గరే ఆగిపోతోందని కనెక్షన్ ఇచ్చిన కుర్రవాడితో వారం రోజులు తగవు పడ్డారు. అతను రూటర్ మార్చాడు, స్తంభం ఎక్కి తీగ కూడా మార్చాడు గానీ, ఇద్దరిలో ఏ ఒక్కరూ 100ను 8తో భాగించి చూడలేదు. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే కనుక అసలు లోపమే లేదు. చివరికి మా అమ్మమ్మ ఇంటి గింజల కొలతలతో చెబితే ఆయనకు అర్థమైంది: మానికకు నాలుగు సోలలు, అంటే ఎనిమిది అరసోలలు, బిట్ అరసోల అనుకుంటే బైట్ మానిక. వంద అరసోలలు పోస్తామని చెప్పినవాణ్ని వంద మానికలు ఏవని అడిగితే ఏం లాభం?

ఆ లెక్కన ఈ డ్రైవ్‌కు 10 గిగాబిట్లను 8తో భాగిస్తే 1250 మెగాబైట్లు రావాలి కదా, 1050 అని ఎందుకు వేశారని మీరు అడగవచ్చు. తీగలో పరుగెత్తే బిట్లన్నీ మన ఫైలువి కావు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో ప్రతి 8 బిట్ల సమాచారాన్ని 10 బిట్లుగా మార్చి పంపేవారు కనుక, 5 గిగాబిట్లను 8తో కాక 10తో భాగించి 500 మెగాబైట్లు అనుకుంటే సరిపోయేది. 2013లో వచ్చిన 10 గిగాబిట్ల పద్ధతిలో 128 బిట్లకు 132 బిట్లు మాత్రమే పంపుతారు కనుక వృథా చాలా తగ్గి, దాదాపు 1212 మెగాబైట్లు మిగులుతాయి. అటూ ఇటూ నడిచే సంకేతాల ఖర్చు అందులోంచే పోతుంది. కాబట్టి 1050 అన్నది నిజాయితీ గల అంకె. దాన్ని చిన్న అక్షరాలలో దాచడమే నాకు నచ్చలేదు.

మా చెల్లెలి పెళ్లి వీడియోలు 60 గిగాబైట్లు ఇందులోకి ఎక్కించాను. విండోస్ 950 దగ్గర వేగం చూపింది, పని నిమిషంలో ముగిసింది. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది: విండోస్ మెగాబైట్ అని రాసినా 10,48,576 బైట్లను ఒకటిగా లెక్కపెడుతుంది, కంపెనీ మాత్రం పది లక్షల బైట్లనే మెగాబైట్ అంటుంది. ఆ 950 కంపెనీ లెక్కలో 996 అవుతుంది. విండోస్ వాడే ఆ పెద్ద కొలతకు మెబీబైట్ అని వేరే పేరు 1998లోనే పెట్టారు గానీ, ఆ పేరు పలికినవారిని నేను ఇంతవరకు కలవలేదు. ఈ 1 టెరాబైట్ డ్రైవ్ కంప్యూటర్‌లో 931 జీబీగా కనబడటానికి కూడా కారణం అదే, కనుక మోసపోయామని కంగారు పడవద్దు.

ఇక కేబుల్ సంగతి. ఇచ్చినది జానెడు పొడవే కావడంతో, డ్రైవ్ ల్యాప్‌టాప్ పక్కన గాలిలో వేలాడుతుంటే చూడలేక రెండో రోజు నా ఫోన్ ఛార్జర్ కేబుల్ తగిలించాను. రెండు చివరలా అదే సీ టైపు, అదే నల్లరంగు. అవే వీడియోలు ఈసారి 40 మెగాబైట్ల వేగంతో పాకుతూ ఇరవై అయిదు నిమిషాలు తీసుకున్నాయి. డ్రైవ్ చెడిపోయిందని దానికి గంటసేపు ఫార్మాట్లు చేశాను. తీరా చూస్తే ఆ ఛార్జింగ్ తీగ 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2.0 రకం; దాని గరిష్ఠ వేగం 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు, ఖర్చులు పోగా చేతికందేది నలభై. 5 గిగాబిట్ల పోర్టు ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌కు పెట్టె కేబుల్‌తోనే తగిలిస్తే 430 వచ్చింది, అది న్యాయమే.

డ్రైవ్ మంచిదే. వేడెక్కలేదు, మధ్యలో వేగం తగ్గలేదు, నేను ఇంతకుముందు వాడిన హార్డ్ డిస్క్‌లా గురగురలాడలేదు. అయినా పదికి ఆరే ఇస్తున్నాను, ఎందుకంటే వేగమంతా ఆధారపడిన ఆ కేబుల్ మీద ఒక్క అంకె కూడా అచ్చు వేయలేదు. మీరు కొంటే మాత్రం దానికి ఎర్ర దారం ఒకటి కట్టి ఉంచుకోండి. నాదానికి నేను కట్టాను, ఇదిగో, కెమెరా ముందుకు పెడుతున్నాను చూడండి.