తెల్లవారి మొదటి స్టార్టులో వినిపించే చప్పుడు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది. రాత్రంతా బేస్‌మెంటులో నిలిపి ఉంచిన కారును ఆ వేళ స్టార్ట్ చేయగానే గరగరమని చప్పుడు వచ్చి రెండు మూడు సెకన్లలో ఆగిపోతే, వేడెక్కితే అదే సర్దుకుంటుందిలే అనుకుని ఆఫీసుకు బయలుదేరేవారే ఎక్కువ. ఆ చప్పుడు ఎంతసేపు ఉంది, ఏ తీరున తగ్గింది అన్న రెండు విషయాలే లోపం ఎక్కడుందో చెప్పే మొదటి ఆనవాళ్లని నా నమ్మకం.

ఇంజిన్ ఆపిన తర్వాత పైభాగాలలోని ఆయిల్ మెల్లగా కిందికి జారి, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి అయిన సంపులోకి చేరుతుంది. చాలా కార్లలో ఆయిల్ ఫిల్టర్ లోపల ఒక రబ్బరు పొర ఉండి, ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపుతుంది. ఆ రబ్బరు బిరుసెక్కితే ఫిల్టర్ రాత్రికి ఖాళీ అవుతుంది. ఉదయం పంపు మొదట ఆ ఖాళీని నింపి, ఆ తర్వాతే పైకి ఆయిల్ అందించాలి. ఇంజిన్ వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీద పనిచేసేదైతే, అంతవరకూ చైన్ వదులుగా కొట్టుకుంటుంది.

నా కారులో జరిగింది ఇదే. పదకొండు గంటలకు సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే, అప్పటికి ఇంజిన్ వేడిగా ఉంది కాబట్టి వారికి ఏమీ వినిపించలేదు. చివరికి కె.ఆర్. పురంలో షెడ్డు నడుపుతున్న హిందూపురం మేస్త్రి ఒకాయన, "బండి రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి సార్, పొద్దున నేను విన్నాక మాట్లాడదాం" అన్నారు. మర్నాడు ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఇంజిన్ చల్లగా ఉందని చూసుకున్నారు, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూశారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను చైన్ కవరు మీద, పిడిని చెవి దగ్గర పెట్టుకుని నన్ను తాళం తిప్పమన్నారు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ఒత్తిడి చాలనప్పుడు వెలిగే ఆయిల్ దీపం ఆరేదాకా వేళ్ల మీద లెక్కపెట్టారు. మూడో అంకె దగ్గర దీపం, చప్పుడు రెండూ ఒకేసారి ఆగాయి. చైన్ జోలికి పోకుండా ముందు ఫిల్టర్, ఆయిల్ మార్చి, మరో రాత్రి బండి ఉంచుకున్నారు. మర్నాడు చప్పుడు లేదు. ఖర్చు తక్కువైన అనుమానాన్ని ముందు తీర్చుకోవడమే సరైన పద్ధతి.

చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు పోతుందని కొందరు చెప్పే సలహాను దయచేసి పాటించకండి. ఆయిల్ డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-30 అన్న గుర్తులో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం; దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత త్వరగా పారుతుంది. కారు పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయాలి.

కొన్ని నిమిషాల పాటు సాగి, వేడితో క్రమంగా తగ్గే మొద్దు చప్పుడైతే పిస్టన్‌ను అనుమానించాలి. పిస్టన్ తయారయ్యే అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, ఇనుప బోరులో, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టంలో, చల్లగా వదులుగా ఉన్న పిస్టన్ వేడికి సర్దుకుంటుంది. కీచుమనే శబ్దం సాధారణంగా బెల్టుది, ముఖ్యంగా తేమ ఉన్న ఉదయాల్లో.

మెకానిక్కులు కూడా తరచుగా పొరబడేది టకటక దగ్గర. వాల్వులను కదిలించే ట్యాపెట్ల శబ్దమూ, ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ అతుకులోని గాస్కెట్ లీకు శబ్దమూ వినడానికి ఒకేలా ఉంటాయి, వేడెక్కితే రెండూ తగ్గవచ్చు, లీకు ఉన్న చోటైతే లోహం వ్యాకోచించి ఆ సందును మూసేస్తుంది. యాక్సిలరేటర్ నొక్కి ఇంజిన్ మీద భారం పడినప్పుడు టకటక పెరిగి, అతుకు దగ్గర నల్లటి మసి కనిపిస్తే అది లీకే. మూసి ఉన్న బేస్‌మెంటులో ఇంజిన్ నడుపుతూ ఈ పరీక్ష చేయవద్దు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చున్నీ, వదులుగా ఉన్న చొక్కా చేతులు బెల్టు దగ్గరికి రానివ్వవద్దు.

వేడెక్కేకొద్దీ, భారం పడేకొద్దీ పెరిగే లోతైన దెబ్బలాంటి చప్పుడు పిస్టన్ కదలికను కిందికి అందించే కనెక్టింగ్ రాడ్ బేరింగుది కావచ్చు. ఆయిల్ పలచబడేకొద్దీ అది బిగ్గరవుతుంది. అప్పుడూ, ఆయిల్ దీపం ఆరకపోయినప్పుడూ వెంటనే ఇంజిన్ ఆపి, బండిని షెడ్డుకు లాగించుకు వెళ్లాలి.

నా కారు నుంచి తీసిన పాత ఫిల్టర్‌ను కోయించి, కొత్తదాని పక్కన ఆ బల్ల మీద పెట్టాను. వెళ్లేముందు ఆ రెండు రబ్బరు పొరలనూ వేలితో నొక్కి చూడండి.