ఇసుక ట్రే దగ్గర మొదలయ్యే కథ

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నిజంగా సంతోషంగా ఉంది.

గత నెలలో ఒక తల్లీ కూతురూ మా క్లినిక్‌కు వచ్చారు. అట్టపెట్టెలో తెల్ల పిల్లి, తల్లి చేతిలో రక్తపరీక్ష కాగితం. "డాక్టరు గారూ, దీనికి కరోనా ఉందట. తుంగభద్ర అవతల వదిలేసి రమ్మంటున్నారు ఇంట్లో" అన్నారావిడ. కూతురు పెట్టె మీంచి చెయ్యి తీయలేదు. ఆ పిల్లేమో తల బయటపెట్టి నా స్టెతస్కోపు గొట్టాన్ని పంజాతో లాగుతోంది. కళ్లలో మెరుపు, ఒంటి మీద నిగనిగ. జబ్బు చేసిన పిల్లి అలా ఉండదు.

ఆ ఇంటివాళ్లను తప్పుపట్టలేను. 2020 ఏప్రిల్‌లో కర్నూలు ఎలా ఉందో మనందరికీ గుర్తే. ఆ మాట వింటే ఇప్పటికీ గుండె జారుతుంది. కానీ ఆ కాగితంలో ఉన్నది పిల్లుల కరోనా వైరస్. అది మనుషులకు అంటదు. మనల్ని వణికించిన వైరస్ అదే కుటుంబంలో వేరే శాఖకు చెందినది. మన నుంచి పిల్లులకు అది సోకిన సందర్భాలున్నాయి గానీ, ఆ కాగితానికీ దానికీ సంబంధం లేదు.

పిల్లుల కరోనా ఎంత సాధారణమో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఒకటో రెండో పిల్లులున్న ఇళ్లలో పరీక్షిస్తే సుమారు నాలుగింట ఒకటికి, కొన్నిచోట్ల నూటికి 40కి ఈ వైరస్ తగిలిన గుర్తు రక్తంలో కనిపిస్తుంది. గుంపుగా పెంచే చోట, జాతి పిల్లులను అమ్మకానికి పెంచే చోట అది నూటికి 80 దాటుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 2006లో వెలువడిన అధ్యయనం చూడండి. పెంపుడు పిల్లుల్లో దాదాపు మూడో వంతుకు ఆ గుర్తు ఉంది. ఎవరూ పెంచకుండా బయట తిరిగే పిల్లుల్లో ఒక్కదానికీ లేదు.

అడ్డూ అదుపూ లేకుండా తిరిగే పిల్లికి లేనిది, మెత్తటి పరుపు మీద పడుకునే పిల్లికి ఎందుకొచ్చింది? ఈ వైరస్ మలం ద్వారా బయటికొస్తుంది, నోటి ద్వారా లోపలికి వెళుతుంది. మన వీధుల్లో ఇల్లు కట్టే చోట ఇసుక కుప్ప పోస్తే పిల్లి ఏం చేస్తుందో చూసే ఉంటారు. గొయ్యి తవ్వి, పని ముగించి, పూడ్చి వెళ్లిపోతుంది. మర్నాడు ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇంట్లో మాత్రం ఐదు పిల్లులకు ఒకటే ట్రే పెడతాం. ఒకటి వెళ్లొచ్చిన ఇసుకలోకే ఇంకొకటి దిగుతుంది. కాళ్లకు అంటుకున్నది తర్వాత నాకి శుభ్రం చేసుకుంటుంది. అంతే, వైరస్ కడుపులోకి చేరిపోయింది. ఎండిన మలంలో ఇది వారాల తరబడి బతకగలదు.

అలా సోకిన పిల్లుల్లో అత్యధికం ఏ జబ్బూ లేకుండా, మహా అయితే రెండు రోజులు విరేచనాలతో బయటపడతాయి. నూటికి ఐదు నుంచి పదింటిలో మాత్రం వైరస్ ఆ పిల్లి ఒంట్లోనే రూపు మార్చుకుని, పేగును వదిలి తెల్ల రక్తకణాల్లోకి చేరుతుంది. అదే ఎఫ్‌ఐపీ, అంటే ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్ అనే ప్రాణాంతక జబ్బు. రెండేళ్లలోపు కూనల్లో ఎక్కువ. జ్వరం తగ్గదు, ఒళ్లు చిక్కిపోతుంది, కొన్నింటికి పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఆ పొట్టలోంచి సూదితో తీసిన ద్రవం పసుపుగా, జిగటగా, వేళ్ల మధ్య సాగేలా ఉంటుంది. గాజు గొట్టంలో శుద్ధజలం పోసి, చుక్క ఎసిటిక్ ఆమ్లం కలిపి, పైనుంచి ఆ ద్రవం చుక్క వదులుతాం. కరిగిపోతే ఊపిరి పీల్చుకుంటాను. కరగకుండా చిన్న ముద్దలా నెమ్మదిగా కిందికి దిగిందంటే అనుమానం బలపడినట్టే. ఆ చుక్క దిగుతున్నంతసేపు పిల్లిని తెచ్చినవాళ్ల ముఖం చూడటం నాకిప్పటికీ కష్టం.

ఒకప్పుడు ఆ చుక్కతో ఆశ వదులుకునేవాళ్లం. 2019లో అమెరికాలో పశువైద్య పరిశోధకుడు నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇస్తే అత్యధికం బతికాయి. కోవిడ్ రోజుల్లో మనం పరుగులు పెట్టి వెతికిన రెమ్డెసివిర్ దీనికి తోబుట్టువే. సాధారణంగా 84 రోజులు వాడాలి, ఖరీదూ ఎక్కువే. 2023లో సైప్రస్‌లో పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకే కొత్త రకం విజృంభించినప్పుడు, మనుషుల కోవిడ్ మాత్రలనే పిల్లులకు వాడేందుకు అక్కడి ప్రభుత్వం అనుమతించింది.

అందుకే ఆ తల్లికి చెప్పాను: అమ్మా, ఈ కాగితం మీ పిల్లికి ఎప్పుడో వైరస్ తగిలిందని మాత్రమే చెబుతోంది. ఎఫ్‌ఐపీ ఉందని కాదు. నదవతల వదిలితే కుక్కల బారినో, లారీ కిందో పడుతుంది. ఇంట్లో ఎన్ని పిల్లులున్నాయని అడిగితే ఆరు అన్నారు. ట్రేలు? రెండు. వంటగది పక్కనే, అన్నం గిన్నెల దగ్గరే.

ఏడు ట్రేలు పెట్టండి, గిన్నెలకు దూరంగా. రోజూ మలం తీసేయండి, వారానికోసారి ట్రేలను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఇంకో పిల్లిని తేకండి. ఇవే చెప్పాను, మీకూ ఇవే చెబుతున్నాను. వీధి పిల్లులకు అన్నం పెట్టేవారు ఒకే చోట కాకుండా నాలుగు చోట్ల పెట్టండి.

మొన్న ఆ అమ్మాయి ఫోను చేసింది. ఏడో ట్రేకి చోటు దొరక్క మంచం కింద పెట్టిందట. పిల్లులన్నీ ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాయట, ఏం చేయమంటారని అడిగింది. దాన్ని రోజుకు రెండుసార్లు శుభ్రం చేయమన్నాను.