రోడ్డు అడిగే ముందు మోరీ లెవెల్ అడగండి

అక్క: నమస్తే అందరికీ. హన్మకొండ, వరంగల్, కాజీపేట, మూడు దిక్కుల నుంచి వింటున్న వాళ్లకు, ఎక్కడో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ అమ్మానాన్నలు ఉన్న ఇంటి గురించి టెన్షన్ పడుతూ వింటున్న వాళ్లకు కూడా. డిసెంబర్ వచ్చేసింది. ఇంటి పన్ను గడువు, మేడారం జాతర ట్రాఫిక్, ఈ రెండూ చివర్లో చెప్పుకుందాం. ముందైతే గల్లీల్లో మురికి నీళ్లు పోయే మోరీలు, రోడ్ల ముచ్చట. మొంథా తుఫాను పోయి నెల దాటింది గానీ ఈ వారం వచ్చిన వాయిస్ మెసేజుల్లో ఎక్కువ దాని మీదే ఉన్నాయి.

తమ్ముడు: అక్కా, అందులో ఒకటి వినిపిస్తా. హంటర్ రోడ్డు దిక్కు నుంచి ఒకామె పంపింది. పేరు చెప్పొద్దన్నది.

వాయిస్ మెసేజ్: "మా గల్లీకి కొత్త సీసీ రోడ్డు వస్తుందంటున్నారు. అందరూ సంబరపడుతున్నారు గానీ నాకు భయమైతుంది. మేము ఇల్లు కట్టుకున్నప్పుడు రోడ్డు మీద నుంచి రెండు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాళ్లం. ఇప్పుడు గేటు తీసి ఒక మెట్టు దిగాలి. మొన్న తుఫానుకు నీళ్లు ముందు గేటు నుంచి రాలేదు, బాత్రూం జాలీలో నుంచి వచ్చినయ్. దాని మీద ఇంకో రోడ్డు వేస్తే మా గతేంది? వద్దంటే గల్లీ వాళ్లు నామీద కోపానికి వస్తారు. ఏమని అడగాలి, ఎవరిని అడగాలి?"

అక్క: ఈమె అడిగింది ఒక్క గల్లీ ముచ్చట కాదు తమ్మీ. మన ఊర్లో పాత కాలనీ ఏది తీసుకున్నా ఇదే కథ. సీసీ రోడ్డు మందం దాదాపు అరడుగు ఉంటది. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోస్తే అరడుగు లేస్తది, ఇంకోసారి పోస్తే అడుగు. ఇల్లు మాత్రం కట్టిన చోటే ఉంటది కదా. రోడ్డు లేసినప్పుడల్లా పక్కన మోరీ గోడలు కూడా లేపుతారు, లేపితే ఇంట్లో నుంచి పోయే పైపు మోరీలో అడుగుకు పడిపోతది. మోరీ సగం నిండగానే పైపు మూతి మునిగి, నీళ్లు ఎదురు తిరిగి బాత్రూం జాలీలో నుంచి పైకి వస్తయి. గేటుకు ఇసుక బస్తాలు ఎన్ని అడ్డం పెట్టినా లాభం లేదు, ఎందుకంటే నీళ్లు వచ్చే దారి అది కాదు.

తమ్ముడు: మరి రోడ్డు వద్దని చెప్పాలా?

అక్క: వద్దనక్కర్లేదు. రోడ్డు కావాలి, కానీ పాత రోడ్డు తవ్వి తీసి, ఆ లెవెల్‌లోనే కొత్తది వేయమని అడగాలి. ఇది పని మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు. మిక్సర్ వచ్చి నిలబడ్డ రోజు మనం పోయి లెవెల్ అంటే, అయిపోయింది పో అంటారు. ఎస్టిమేట్ వేసేటప్పుడు అడగాలి. ఎస్టిమేట్‌లో పాత రోడ్డు తవ్వకం, ఆ మట్టి ఎత్తిపోత రాసి ఉంటేనే కాంట్రాక్టర్ ఆ పని చేస్తడు, రాసి లేకపోతే ఆయనకు బిల్లు రాదు కాబట్టి చేయడు. అందుకే నేను డిసెంబర్‌లోనే ఈ ముచ్చట పెట్టుకున్నా. మార్చి లోపల కొత్త బడ్జెట్ ఖాయమైతది, ఎండాకాలంలో పనులు నడుస్తయి. జూన్‌లో మొగులు పట్టినంక మనం ఉరికితే ఏం లాభం?

తమ్ముడు: ఏఈని, అంటే బల్దియా అసిస్టెంట్ ఇంజినీర్‌ను కలవాలి కదా దీనికి.

అక్క: అవును. ఇక్కడ చాలామంది తిరిగి తిరిగి అలసిపోయేది ఎవరి పని ఎవరిదో తెలియక. మోరీలో పూడిక తీయాలంటే మీ గల్లీ సఫాయి పని చూసే జవాన్, ఆయన పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. మోరీ కట్టాలన్నా, రోడ్డు లెవెల్ అన్నా ఇంజినీరింగ్ వాళ్లు, అంటే ఏఈ. నాలా మీద ఎవరన్నా గోడ కడితే టౌన్ ప్లానింగ్. చెరువు కట్ట, తూము, నిండినప్పుడు నీళ్లు పొర్లే మత్తడి, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు అయితే ఇరిగేషన్ వాళ్లది. జవాన్‌ను పట్టుకొని రోడ్డు గురించి అరగంట కొట్లాడితే ఆయన మాత్రం ఏం చేస్తడు పాపం, పొద్దున్నే లేచి మన చెత్త ఎత్తేది ఆయన మనుషులే.

తమ్ముడు: అక్కా, నేను ఇంకో మాట చెప్తా. మా కాలనీలో అందరూ మా గల్లీ, మా గల్లీ అంటారు గానీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నయ్, ఎక్కడికి పోతున్నయ్ అని ఎవరూ చూడరు. మనది కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. మధ్యలో ఉన్న కాలువే ఇవాళ మనం నాలా అంటున్నాం. గోపాల్‌పూర్ దిక్కు నుంచి దిగిన నీళ్లు సమ్మయ్యనగర్ మీదుగా నయీంనగర్ నాలాకు వస్తయ్. ఇటు బొందివాగు పొంగితే హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ మునుగుతయ్. 2020 ఆగస్టులో మునిగినయ్, 2023 జులైలో మునిగినయ్, మళ్లా మొన్న 2025 అక్టోబర్ 29న మునిగినయ్. అన్ని సార్లూ దాదాపు అవే పేర్లు.

అక్క: 2023 జులై అయితే మర్చిపోలేం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరంతా నీళ్లల్లో ఉండిపోయింది. ఇక్కడ పోతన నగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్ట తెగింది. అంత వాన పడితే ఏ మోరీ ఆపుతది అంటారు కొంతమంది, అది నిజమే. కానీ ప్రతి వానా అంత వాన కాదు కదా. గంటసేపు పడ్డ వానకే మోకాలి లోతు నిలబడే గల్లీలు ఉన్నయి, అక్కడ తప్పు ఆకాశానిది కాదు, పోయే దారి మూసుకుపోవడమే.

తమ్ముడు: కొంత పని అయితే జరిగింది, అది కూడా చెప్పాలి. నయీంనగర్‌లో 2024లో పాత బ్రిడ్జి పడగొట్టి వెడల్పుగా కొత్తది కట్టారు, నాలాకు అటూ ఇటూ గోడలు లేపారు. భద్రకాళి చెరువులో ఎన్నేళ్ల పూడికనో తీయడానికి 2024 నవంబర్‌లో నీళ్లన్నీ వదిలేశారు, అడుగు కనబడితే మనవాళ్లు కట్ట మీద నిలబడి ఫోటోలు తీసుకున్నరు.

అక్క: పెద్ద నాలా వెడల్పు చేసినా మన గల్లీ మోరీ నుంచి ఆ నాలా దాకా నీళ్లు పోవాలి కదా. ఆ మధ్యలో ఉన్నదే అసలు సమస్య. మీ మోరీ ఎటు పోతుందో ఒకసారి దాని వెంబడి నడిచి చూడండి. నేను ఈ మధ్య మా కాలనీలో చూసిన, మోరీ మీద ప్రతి ఇంటి ముందు సిమెంటు ర్యాంపు, బండి ఎక్కడానికి. కొందరు బండలు పరిచిన్రు, బండలైతే లేపి పూడిక తీయొచ్చు. ర్యాంపు పోస్తే ఆ కింద పదేళ్లకు కూడా ఎవరూ చేయి పెట్టలేరు. ఒక ర్యాంపు కింద పార వెనుక భాగంతో పొడిచి చూస్తే కడుతున్న ఇంటి ఇసుక, కంకర, దాని మీద కొబ్బరి బోండాలు, కవర్లు, అన్నీ కలిసి గట్టిగా గోడ లెక్క అయినయ్. అవతలి దిక్కు మోరీ ఎండిపోయి ఉంది, ఇవతల నల్లగా నిలబడి ఉంది. ఒక్క ఇంటి ర్యాంపు, దాని పైన ఉన్న పది ఇళ్లకు దోమలు.

తమ్ముడు: ఆ ఇంటాయనకు చెప్పినవా?

అక్క: చెప్పిన. నా ఇంటి ముందు నా ఇష్టం అనలేదు, మంచిగనే విన్నడు. ర్యాంపు పగలగొట్టి ఇనుప జాలీ పెట్టిస్తా అన్నడు. జాలీ అయితే లేపొచ్చు, బండి ఎక్కుతది, నీళ్లు పోతయ్. ఎవరైనా ర్యాంపు కొత్తగా పోయించుకుంటుంటే దయచేసి ఇది చూడండి, వెల్డింగ్ షాపుల్లో చేసి ఇస్తరు.

తమ్ముడు: పూడిక తీసే దగ్గర నాది కూడా ఒక బాధ ఉంది. తీస్తరు, తీసి మోరీ ఒడ్డు మీదే కుప్ప పోస్తరు. తడిగా ఉంది, ఎండినంక ఎత్తుతం అంటరు. రెండు రోజులు ఆగాలి, సరే, కానీ ఆ తర్వాత ట్రాక్టర్ రాదు. బండ్లు తొక్కి, పిల్లలు తొక్కి, ఒక వాన పడితే మొత్తం మళ్లా మోరీలోకే. కాబట్టి పూడిక తీసేటప్పుడే ట్రాక్టర్ ఎప్పుడొస్తది అని అడిగి పెట్టుకోవాలి. రాకపోతే ఫోటో తీసి పంపాలి, ఫోటోలో పక్కన ఉన్న ఇంటి నంబరో, కరెంటు స్తంభం నంబరో కనబడాలి, లేకపోతే ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

అక్క: బల్దియాకు, అంటే మున్సిపల్ కార్పొరేషన్‌కు, సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు పోయేటప్పుడు కూడా అంతే. నోటిమాటగా చెప్పి రాకండి. ఒక తెల్ల కాగితం మీద డివిజన్ నంబరు, గల్లీ, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా మోరీ ఆగింది, అది రాసి, గల్లీలో ఉన్న వాళ్ల సంతకాలు పెట్టించి, రెండు కాపీలు తీసుకపోండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితం పట్టుకొని నెల తర్వాత పోతే మాట వేరే ఉంటది. ఒకే కాగితంలో కుక్కలు, వీధి దీపాలు, నల్లా నీళ్లు, మోరీ అన్నీ కలిపి రాయకండి, అది నాలుగు సెక్షన్ల మధ్య తిరిగి ఎవరి టేబుల్ మీదా నిలబడదు. ఒక్క కాగితం, ఒక్క పని.

తమ్ముడు: వార్డు కమిటీలు కూడా ఉండాలి కదా అక్కా చట్టం ప్రకారం.

అక్క: 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి, యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి, వార్డులో పేరున్న వాళ్లకు ఒకటి, ఒక్కోదాంట్లో 15 మంది. మన ఊర్లో వార్డులనే డివిజన్లు అంటం, మొత్తం 66. మీ డివిజన్‌లో ఆ కమిటీల్లో ఎవరున్నరో అడగండి. మహిళల కమిటీలో నిజంగా మాట్లాడే ఆడవాళ్లు ఉండాలని నాకు మస్తు కోరిక, ఎందుకంటే మోరీ ఎదురు తన్నితే రాత్రి రెండు గంటలకు లేచి చీపురు పట్టేది మనమే.

తమ్ముడు: ఆ హంటర్ రోడ్డు ఆమెకు ఇప్పటికిప్పుడు చేసుకోవడానికి ఏమన్నా ఉందా, రోడ్డు ముచ్చట తేలే దాకా?

అక్క: ఉంది. ఇంట్లో నుంచి మోరీకి పోయే పైపుకు ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వ్ బిగించుకోవచ్చు. నీళ్లు బయటికి పోనిస్తది, వెనక్కి రానివ్వదు. ప్లంబర్లందరికీ తెలుసు. కానీ అందులో చెత్త ఇరుక్కుంటే పని చేయదు, అప్పుడప్పుడు విప్పి కడగాలి. ఇంకోటి, విలువైన కాగితాలు, పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు కింది అరల్లో పెట్టకండి. ఇది చిన్న మాట అనిపిస్తది గానీ మొన్న సమ్మయ్యనగర్ దిక్కు మేడ మీద ఎండకు ఆరబెట్టిన మెమోలు చూసినంక నేను మా ఇంట్లో అల్మారా మొత్తం సర్దిన.

తమ్ముడు: సరే, ఇంటి పన్ను చెప్పు.

అక్క: అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉన్న అర్ధ సంవత్సరం పన్నుకు గడువు డిసెంబర్ 31. దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతది. కట్టే ముందు రసీదు మీద పేరు, డోర్ నంబరు సరిగ్గా ఉన్నయా చూసుకోండి. నాన్న పోయినా ఆయన పేరు మీదే నడుస్తున్న ఇళ్లు చాలా ఉన్నయ్, మ్యుటేషన్, అంటే పేరు మార్పు చేయించుకుంటే రేపు అన్నదమ్ముల మధ్య గొడవ ఉండదు. ఒక్కసారే ఏడాది పన్ను కట్టగలిగేవాళ్లు వచ్చే ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ ప్రకటన కోసం చూడండి, 5 శాతం తగ్గింపు ఇస్తుంటరు.

తమ్ముడు: ఇక మేడారం. 2026 జనవరి 28 బుధవారం నుంచి 31 శనివారం దాకా జాతర. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తది, గురువారం సమ్మక్క, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. రాష్ట్రం నలుమూలల నుంచి బండ్లు మన మీదుగానే ములుగు దిక్కు పోతయ్. ఆ నాలుగు రోజులు హాస్పిటల్ చూపించుకునేది, పెళ్లి షాపింగ్ లాంటివి ఉంటే ముందో వెనుకో పెట్టుకోండి. ఇంట్లో ముసలివాళ్లను తీసుకపోయేవాళ్లు జాతరకు ముందే పోయి బంగారం, అంటే బెల్లం సమర్పించుకొని రండి, ఇప్పటికే చాలామంది పోతున్నరు. జంపన్న వాగులో స్నానం చేసినంక షాంపూ ప్యాకెట్లు, కవర్లు అక్కడే వదలకండి, బండిలో ఒక సంచి పెట్టుకోండి.

అక్క: మళ్లా మోరీ దగ్గరికే వస్తున్న, ఆఖరి మాట. వచ్చే ఎపిసోడ్‌కు ఒక పని చేద్దామనుకుంటున్నం. మీ గేటు ముందు నిలబడి ఒక ఫోటో తీయండి, రోడ్డు, మోరీ, మీ ఇంటి గడప మూడూ ఒకే ఫోటోలో రావాలి. రోడ్డు కన్నా గడప ఎంత కిందికి ఉందో టేపు పెట్టి కొలిచి డివిజన్ నంబరుతో పంపండి. ఇంటి నంబరు, పేరు మేము బయట పెట్టం. అవన్నీ డివిజన్ల వారీగా కలిపి, ఎస్టిమేట్లు వేసే ముందే, జనవరిలో ఒక సోమవారం మనమే తీసుకపోయి ఇచ్చి ముద్ర వేయించుకొద్దాం. మాతో వస్తామనేవాళ్లు కూడా చెప్పండి.

తమ్ముడు: టేపు లేకపోతే బెత్తెలు లెక్కపెట్టి అయినా పంపండి. ఉంటం మరి.