చీర కన్నా జాకెట్టుకే ఖర్చెక్కువ: ఈ పెళ్లిళ్ల సీజన్ ఫ్యాషన్ల మీద నా రివ్యూ

నమస్కారమండీ. పెళ్లిళ్ల సీజన్ కదా, ఇప్పుడు ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా కనిపిస్తున్న ఫ్యాషన్లను ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఈ బల్ల మీద పరిచినవాటిలో కొన్ని నేను కొన్నవి, కొన్ని మా ఇంటి ఆడవాళ్లను బతిమాలి తెచ్చినవి. ఏ దుకాణమూ పంపలేదు. కాబట్టి మొహమాటానికి ఎవరినీ పొగడాల్సిన అవసరం లేదు.

నేను దేన్ని బట్టి మార్కులు వేస్తానో ముందే చెబుతాను. చీర కుట్టని బట్ట. సుమారు 5.5 మీటర్లు, జాకెట్ ముక్కతో కలిపితే 6.3 దాకా ఉంటుంది. దానికి సైజు లేదు. పెళ్లప్పుడు కట్టుకున్న చీరనే ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా కట్టుకోవచ్చు. అక్కది చెల్లెలు కట్టుకోవచ్చు, అత్తగారిది కోడలు కట్టుకోవచ్చు. ఇప్పటి ఫ్యాషన్లు చాలావరకు మన డబ్బును ఆ కుట్టని బట్ట మీద నుంచి తప్పించి, కొలిచి కుట్టిన బట్ట మీద పెట్టిస్తున్నాయి. కొన్నిచోట్ల అది మంచిదే. కొన్నిచోట్ల శుద్ధ దండగ. ఏది ఏమిటో చూద్దాం.

మొదటిది మగ్గం వర్క్ జాకెట్టు. ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోతున్నదీ ఇక్కడే. మెడ చుట్టూ, చేతుల అంచున సన్నటి పనికి 2,000 రూపాయల దగ్గర మొదలై, వీపు నిండా పని అంటే 20,000 దాటిపోతోంది. నాలుగు వేల చీర మీదకు తొమ్మిది వేల జాకెట్టు వేసుకోవడం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించడం లేదు.

పనితనంలో మాత్రం వంక పెట్టలేం. మగ్గం అని పిలిచే కొయ్య చట్రానికి బట్టను తప్పెటలా బిగించి కడతారు. కొస కొక్కెంలా వంగి ఉండే ఆరీ సూది పైనుంచి దిగి, బట్ట కింద పట్టుకున్న దారాన్ని లాక్కుని పైకి వస్తుంది. అలా గొలుసు కుట్టు పడుతుంది. దాని మీద జర్దోసీ అనే సన్నటి లోహపు తీగ చుట్టలు, కుందన్ రాళ్లు, పూసలు, కట్‌దానా అనే గాజు పూసలు ఒక్కొక్కటిగా చేత్తో కుడతారు. నడుము వంచి, కళ్లు చిట్లించి చేసే పని అది. ఆ శ్రమకు ఆ ధర ఎక్కువ అని నేను అనను.

నా అభ్యంతరం ఆ ధర పెట్టి మనం చేయించుకుంటున్న తీరు మీద. ఇదిగో, ఈ జాకెట్టును దగ్గరగా చూడండి. ఎడమ భుజం మీద, ఎడమవైపు ముందు భాగం నిండా పని ఉంది. చీర కట్టాక అక్కడికి వచ్చేది పైట! అంటే సగం పని ఎవరికీ కనబడదు. కనబడకపోతే పోనీ, లోపల ఉండి అది చేసే పని వేరే ఉంది. కుందన్ల అంచులు, జర్దోసీ తీగలు పైట కొంగుకు పట్టుకుని పట్టు దారాలను లాగేస్తాయి. ఈ కంచిపట్టు చీర భుజం దగ్గర చూశారా, దారాలు ఎలా లేచాయో? ఇది ఒక్క రిసెప్షన్ ఫలితం. కాబట్టి వర్క్ చేయించేవాళ్లు రెండు చేతులకూ, వెనుక మెడకూ డబ్బు పెట్టండి. ఎడమ భుజం సాదాగా వదిలేయమని గట్టిగా చెప్పండి. డిజైన్ దెబ్బతింటుందని పనివాళ్లు అంటారు. దెబ్బతినదు, నేను చేయించి చూశాను.

ఇంకో సంగతి, పక్క కుట్లు. మామూలు జాకెట్టుకు లోపల రెండు వైపులా గుడ్డ వదులుతారు, ఒళ్లు వచ్చినప్పుడు కుట్టు విప్పి వదులు చేసుకుంటాం. మగ్గం పని కుట్టు దాకా వచ్చేస్తే ఆ అవకాశం పోతుంది. విప్పితే పువ్వు సగంలో తెగిపోయినట్టు కనిపిస్తుంది. చంక కింద రెండంగుళాలు పని లేకుండా వదలమనండి. చెమట తగిలే చోటు కూడా అదే. చెమటకు జర్దోసీ నల్లబడుతుంది, దాన్ని మళ్లీ మెరిపించే మంత్రం ఏ డ్రైక్లీనింగ్ వాళ్ల దగ్గరా లేదు.

ఇక కంప్యూటర్ వర్క్. ఎంబ్రాయిడరీ యంత్రం మీద కుట్టేది. నన్ను అడిగితే అందులో తప్పేమీ లేదు. తేలిగ్గా ఉంటుంది, ఒంటికి గుచ్చుకోదు, ధర చాలా తక్కువ. దాన్ని మగ్గం వర్క్ అని చెప్పి ఆ ధరకు అంటగట్టడమే తప్పు. తేడా కనిపెట్టాలంటే లైనింగ్ వేయకముందే బట్టను తిప్పి చూడాలి. యంత్రం పని వెనుక ఒకే రంగు దారం, చాలాసార్లు తెల్లది, అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుంది. కాగితం లాంటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. చేతి పని వెనుక అంత శుభ్రం ఉండదు. ముడులు ఉంటాయి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం దూకి ఉంటుంది. రాళ్లు అతికించారా, కుట్టారా అన్నది గోటితో కాస్త నెట్టి చూస్తే తెలుస్తుంది. మీరు నెడుతుంటే ఎవరైనా కంగారుపడితే అవి అతికించినవే.

నా మార్కులు: పనివాళ్ల చేతికి పదికి పది. మన ఆలోచనకు నాలుగు. ప్రతి చీరకూ అందులో వచ్చిన ముక్కతోనే వర్క్ జాకెట్టు కుట్టించాలన్న పట్టుదల ఎందుకు? మెరూన్‌లో ఒకటి, ముదురు ఆకుపచ్చలో ఒకటి మంచివి చేయించుకుంటే బీరువాలోని సగం పట్టుచీరలకు సరిపోతాయి. మా అమ్మ తరం వాళ్లు చేసింది అదే. వాళ్లకు ఫోటోల బెడద లేదు అంటారా, అదీ నిజమే.

రెండోది కుట్టేసిన చీర. కుచ్చిళ్లు కుట్టేసి, నడుముకు హుక్కులో జిప్పో పెట్టి, లంగాలా తొడుక్కుని పైట వేసుకుంటే అయిపోయే రెడీమేడ్ చీర. దీన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. చీర కట్టుకోవడం కూడా రాని ఆడపిల్లలు అంటూ మొదలుపెడతారు. వాళ్లకు ఒక్క మాట. మగవాళ్ల పంచెకు వెల్‌క్రో వచ్చి ఎన్నేళ్లయింది? దానికి జేబు కూడా పెట్టారు. పీటల మీద పెళ్లికొడుకు పంచె జారకుండా ఉందంటే చాలాచోట్ల ఆ వెల్‌క్రో పుణ్యమే. అప్పుడు సంస్కృతి పాడైపోయిందని ఎవరూ అనలేదే!

నేను దీన్ని బట్టగానే చూస్తాను. మోకాళ్ల నొప్పులతో వంగలేని పెద్దవాళ్లకు, మంచు కురిసే ఊళ్లో కారు దిగి తెలుగు సంఘం ఉగాది వేడుకకు పరుగెత్తే వాళ్లకు ఇది నిజంగా ఉపయోగమే. జార్జెట్, షిఫాన్, క్రేప్‌లలో తీసుకోండి. మెత్తగా జారే బట్టలు కాబట్టి కుట్టినా ఒంటికి అమరుతాయి. నడుముకు ఎలాస్టిక్ ఉన్నది కాకుండా హుక్కులు రెండు మూడు వరసలున్నది ఎంచుకోండి. పొడవు మాత్రం మార్చుకోలేరు. మీరు వేసుకోబోయే చెప్పులు తొడుక్కునే కొలత చూసుకోవాలి.

కానీ గద్వాల చీరనో ఉప్పాడ జాందానీనో తీసుకెళ్లి కత్తిరించి కుట్టించేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును నేత మగ్గం మీదే కలుపుతారు. ఉప్పాడ జాందానీలో ఒక్కో బుటాకు, అంటే బట్ట మీద కనిపించే ఒక్కో చిన్న పువ్వుకు, దారాన్ని నేసేటప్పుడే చేత్తో ఇరికిస్తారు. వాటిని ఒకరి నడుము కొలతకు కట్టిపడేస్తే ఇంకెవరికీ పనికిరావు. కట్టుకునే ఓపిక లేకపోతే మధ్యేమార్గం ఉండనే ఉంది. చీరను ముందుగానే కుచ్చిళ్లు, పైట మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి ఇచ్చేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. కత్తెర తగలదు, అయిదు నిమిషాల్లో కట్టుకోవచ్చు. ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, తొమ్మిది మార్కులు ఇస్తాను. ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, అలా మడతపెట్టిన చీరను ఫంక్షన్ అయ్యాక కూడా నెలల తరబడి బీరువాలో అలాగే ఉంచేస్తున్నారు. ఇస్త్రీ మడత మీదే పట్టు చిట్లుతుంది. ఇంటికి రాగానే విప్పి, గాలికి ఆరేసి, వేరే మడత పెట్టండి.

కొన్నిటిని గబగబా చూసేద్దాం. ఆర్గంజా అనే పల్చటి బిరుసు బట్ట: నిలబడినప్పుడు దేవకన్య, కూర్చుని లేచాక నలిగిన కాగితం. భోజనాల బంతి ఉన్న చోటికి వద్దు. టిష్యూ చీరలు: జరీ మెరుపు బాగుంటుంది, మడత పడితే పోదు. హల్దీకి అందరూ పసుపు బట్టలు: మనకు నలుగు, మంగళస్నానం ఎప్పటి నుంచో ఉన్నాయి, పసుపు రంగు యూనిఫారం మాత్రం కొత్తది. పసుపు మరక కనబడదు కాబట్టి తెలివైన ఎంపికే. లేత గులాబీ, లేత నీలం కట్టుకొచ్చిన వాళ్లకే కష్టం. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది, కంగారుపడకండి, బాగా జాడించి నూలు బట్టయితే ఎండలో ఆరేయండి. ఎండకు పసుపు రంగు వెలిసిపోతుంది. వదులు చొక్కాలు, వెడల్పు ప్యాంట్లు: మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉండేవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, బిగుతు జీన్స్ నుంచి మనల్ని విడిపించిన ఫ్యాషన్‌కు దండం పెడతాను. మంగళగిరి నూలుతో కుట్టించుకుంటే ఇంకా హాయి.

చివరిది, నాకు కోపం తెప్పించేది. ఇదిగో, ఈ రెండు చీరలు చూడండి. రెండూ పోచంపల్లి డిజైనే. ఒకటి 900 రూపాయలు, రెండోది 9,000. దూరం నుంచి తేడా తెలియదు. మొదటిది బట్ట మీద అచ్చు వేసింది. రెండోదానిలో నేయకముందే నూలును చిటికీ కట్టి, అంటే డిజైన్ ప్రకారం అక్కడక్కడ గట్టిగా బిగించి కట్టి, కట్టిన చోట రంగు ఎక్కకుండా చేసి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేశారు. డిజైన్ దారంలోనే ఉంటుంది. దీన్నే ఇక్కత్ అంటారు. పడుగూ పేకా, అంటే నిలువు దారాలూ అడ్డం దారాలూ, రెండూ అలా రంగులద్ది, మగ్గం మీద గీతకు గీత కలిపి నేస్తే అది డబుల్ ఇక్కత్. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఆ కోవలోదే. దానికి నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదతో నానబెట్టి సిద్ధం చేస్తారు.

చిటికీ కట్టడానికి ముందు ఆసు పోయడం అని ఒక పని ఉంది. మేకుల చుట్టూ నూలును వేల సార్లు చేత్తో తిప్పాలి. ఆ పని ఇళ్లలో ఆడవాళ్లే చేసేవాళ్లు, భుజాలు పడిపోయేవి. తన తల్లి పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 1999లో. తల్లి పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, యంత్రం అంటే నాకు పడదని కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు. ఆ యంత్రం వచ్చాక కూడా అది పోచంపల్లి చీరే, నేతగాడి చేతికి పని మిగిలే ఉంది. అచ్చు వేసిన చీరలో డిజైన్ మాత్రమే తీసుకుని మనిషిని పక్కన పడేశారు.

900 రూపాయలకు అచ్చు చీర కొనుక్కోవద్దని నేను అనడం లేదు. రోజూ ఆఫీసుకు కట్టుకోవడానికి బాగానే ఉంటుంది. అచ్చు చీర అని చెప్పి అమ్మితే నాకేమీ బాధ లేదు. పోచంపల్లికి 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెందుతుంది. అయినా బోర్డు మీద పోచంపల్లి అని రాసి లోపల ఇవే పరుస్తున్నారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. చీరను తిరగేయండి. అచ్చు వేసినది వెనుక వెలిసినట్టు ఉంటుంది; నేసినదానికి రెండు వైపులా దాదాపు ఒకే రంగు. డిజైన్ అంచులు చూడండి. ఇక్కత్‌లో గీత చివర కాస్త చెదిరి, రంగు పక్కకు పాకినట్టు ఉంటుంది. మరీ గీసినట్టు నున్నగా ఉంటే అనుమానించండి. అయితే కొన్ని అచ్చుల్లో ఈ చెదురును కూడా వేస్తున్నారు, కాబట్టి ఒక దారం లాగి చూడటం మేలు. కొంగు చివర వేలాడే దారాల్లో ఒకదాన్ని పట్టుకోండి. పొడవునా రంగులు మారుతూ, ప్రతి రంగూ లోపలి దాకా ఎక్కి ఉంటే అది రంగులద్ది నేసిన దారం. పైపైన రంగు ఉండి లోపల తెల్లగా ఉంటే అచ్చు. చేనేత మార్కు అట్ట ఉందేమో చూడండి, పట్టు అయితే సిల్క్ మార్కు కూడా. బిల్లు మీద చేతితో నేసినది అని రాసివ్వమని అడగండి. ఈ ఒక్క మాట అడిగితే చాలు, ధర చెప్పే గొంతు మారిపోతుంది.

ఈ రెండు చీరల వెనుక వైపులను దగ్గర నుంచి తీసిన ఫోటోలను వీడియో కింద పెడుతున్నాను, కొనడానికి వెళ్లేటప్పుడు ఫోనులో ఉంచుకోండి. మగవాళ్ల పంచెల మీద ప్రత్యేకంగా వీడియో చేయమని చాలామంది అడిగారు. చేస్తాను. వెల్‌క్రో పంచె కట్టుకుని కెమెరా ముందు నడవడానికి మా ఇంట్లో ఒక్కరు ఒప్పుకున్నా చాలు, మరుసటి రోజే పెట్టేస్తాను.